ముగింపు ముందే తెలిసిన కథలు

అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలో చివరి పేజీలు చిరిగిపోయి ఉంటే ఎలా ఉంటుందో ఒక తరం తెలుగు పాఠకులకు ఎవరూ చెప్పనక్కర లేదు. రెండు వందల పేజీలు ఊపిరి బిగబట్టి చదివాక హంతకుడెవరో తేలకపోతే పుస్తకం ఇచ్చిన దుకాణదారు మీద, పేజీ చింపినవాడి మీద, చివరికి ఆ రచయిత మీద కూడా కోపం ముంచుకొచ్చేది. అపరాధ పరిశోధన కథకు ప్రాణం ఆ చివరి పేజీలోనే ఉంటుంది. 1940లలో అమెరికాలో వచ్చిన కొన్ని నేర చిత్రాలు ఆ పేజీని తామే చింపి తెచ్చి కథ మొదట్లో అతికించాయి.

1944లో వచ్చిన 'డబుల్ ఇండెమ్నిటీ' అలాంటిదే. నిర్మానుష్యంగా ఉన్న లాస్ ఏంజలెస్ వీధుల్లో ఒక కారు అడ్డదిడ్డంగా దూసుకొచ్చి బీమా కంపెనీ ఆఫీసు ముందు ఆగుతుంది. అందులోంచి దిగిన వాల్టర్ నెఫ్ ఆ కంపెనీలోనే ఏజెంటు. భుజంలో తూటా దిగి ఉంది. లోపలికి వెళ్లి, మాటలు రికార్డు చేసే యంత్రం ముందు కూలబడి, క్లెయిముల విభాగం అధికారి బార్టన్ కీస్‌ను ఉద్దేశించి చెప్పుకుపోతాడు. చంపింది తానేనని, డబ్బు కోసం, ఒక ఆడమనిషి కోసం చంపానని, చివరికి డబ్బూ దక్కలేదని, ఆమే దక్కలేదని. సినిమా మొదలై పట్టుమని పది నిమిషాలు కూడా కాదు. హంతకుడు తెలిశాడు, కారణం తెలిసింది, ఫలితమూ తెలిసింది. ఇక మిగిలిన గంటన్నరకు పైగా చూడటానికి ఏముంది? ఉందనే ఎనభై ఏళ్లుగా జనం చూస్తూ వస్తున్నారు. ఏముందన్నదే అసలు ప్రశ్న.

ఈ తరహా చిత్రాలకు పేరు పెట్టింది అమెరికావాళ్లు కాదు. జర్మనీ ఆక్రమణలో ఉన్నంతకాలం ఫ్రాన్స్‌లో అమెరికన్ సినిమాలు ఆడలేదు. యుద్ధం ముగిశాక, 1946 వేసవిలో, అంతకు ముందు నాలుగైదేళ్ల సినిమాలు పారిస్‌లో ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. 'ద మాల్టీస్ ఫాల్కన్', 'లారా', 'మర్డర్, మై స్వీట్', 'డబుల్ ఇండెమ్నిటీ'లను కొద్ది వారాల తేడాతో వరసగా చూసినవాళ్లకు వాటి మధ్య ఒక పోలిక కనబడింది. వాటిని ఏళ్ల తరబడి విడివిడిగా చూసిన సొంతగడ్డ ప్రేక్షకులకు అది తట్టలేదు. నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఆ ఏడాది ఆగస్టులో ఒక వ్యాసం రాస్తూ వీటికి 'ఫిల్మ్ న్వార్' అన్న మాట తగిలించాడు. నల్ల సినిమా అని అర్థం. అంతకు ముందు ఏడాదే పారిస్‌లోని గలిమార్ ప్రచురణ సంస్థ 'సెరీ న్వార్' పేరుతో నేర నవలలు వేయడం మొదలుపెట్టింది కనుక ఆ మాట పాఠకుల చెవికి కొత్త కాదు. (తెలుగులో చాలామంది 'నోయిర్' అని రాస్తున్నారు. ఫ్రెంచి నోటికి దగ్గరగా ఉండేది 'న్వార్'.) హాలీవుడ్ స్టూడియోలకు మాత్రం ఈ గొడవేమీ తెలియదు. వాళ్ల లెక్కల్లో ఇవి మెలోడ్రామాలు, క్రైమ్ కథలు. 'డబుల్ ఇండెమ్నిటీ' తీసిన బిల్లీ వైల్డర్ గానీ, 'ద కిల్లర్స్' తీసిన రాబర్ట్ సియోడ్‌మాక్ గానీ 'న్వార్ తీద్దాం' అని సెట్టు మీదికి వెళ్లలేదు. సాధారణంగా 1941 నాటి 'మాల్టీస్ ఫాల్కన్'తో మొదలుపెట్టి, 1958లో ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్'తో ముగిసినట్టు చెప్పే ఆ కాలానికి ఎల్లలు గీసిందీ తర్వాతివాళ్లే.

ఈ ఆకర్షణకు కారణమేమిటని అడిగితే చాలామంది ముందు నీడల గురించే చెబుతారు. కిటికీ తెరల సందుల్లోంచి గది గోడ మీద పడే చారల వెలుతురు, తడిసిన రోడ్డు మీద దీపాల మెరుపు, టోపీ అంచు కింద సగమే కనిపించే ముఖం. ఇందులో నిజం లేకపోలేదు. అప్పటి హాలీవుడ్‌లో నటీనటుల ముఖం మీద ప్రధాన దీపం ఒకటి వేస్తే, దానివల్ల పడే నీడలను చెరిపేయడానికి ఇంకో దీపం వేసేవారు. ఆ రెండో దీపాన్ని తగ్గించడమో, పూర్తిగా ఆర్పేయడమో చేస్తే చాలు, ముఖం సగం చీకట్లో కలిసిపోతుంది. హంగరీ నుంచి వచ్చిన ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్టన్ దీన్ని చివరి అంచుదాకా తీసుకెళ్లాడు. 1955లో వచ్చిన 'ద బిగ్ కాంబో' ఆఖరి దృశ్యంలో పొగమంచు, ఒక దీపం, రెండు నల్లని ఆకారాలు. అంతే. 'డబుల్ ఇండెమ్నిటీ'కి పనిచేసిన జాన్ సైట్జ్, మూసిన గదిలో గాలి ఆడని ఉక్కపోత తెరమీద కనిపించాలని సన్నని లోహపు పొడిని గాలిలోకి వదిలి, కిటికీలోంచి వచ్చే వెలుగులో దుమ్ము తేలుతున్నట్టు చూపించాడు.

ఇందులో కొంత కళ, కొంత పొదుపు. యుద్ధకాలంలో సెట్లకు వాడే కొత్త సామగ్రి సినిమాకు 5,000 డాలర్లు మించకూడదని అమెరికా ప్రభుత్వం పరిమితి పెట్టింది. పాత గోడలనే తిప్పి తిప్పి వాడుకోవాలి. వాటి మీద వెలుతురు ఎంత తక్కువ పడితే అంత మంచిది. దానికి తోడు వైల్డర్, ఫ్రిట్జ్ లాంగ్, సియోడ్‌మాక్ వంటివాళ్లు హిట్లర్ రాకతో బెర్లిన్ వదిలి వచ్చినవారు. 1920ల జర్మన్ సినిమా నీడలు వాళ్లకు అలవాటైన భాష.

అయితే నీడలు ఒక్కటే కారణమైతే ఆ మోజు ఎప్పుడో తీరిపోయి ఉండేది. నలుపు తెలుపుల్లో వెలుతురును వశం చేసుకున్నవారు ఒక్క హాలీవుడ్‌లోనే లేరు. 1957లో 'మాయాబజార్'కు మార్కస్ బార్ట్‌లీ పట్టుకొచ్చిన వెన్నెలను తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ రాత్రి ఎవరినీ భయపెట్టదు, పడవలో కూర్చున్న జంటను చల్లగా దీవిస్తుంది. న్వార్‌లో రాత్రి మనిషిని నిలబెట్టి ప్రశ్నిస్తుంది. పనిముట్లు దాదాపు అవే అయినప్పుడు తేడా ఎక్కడినుంచి వస్తోందో కథలో వెతకాలి. ఆ కథను మలిచినవారిలో రచయితలు, దర్శకులతో పాటు వాళ్లకు ఏమాత్రం గిట్టని ఒకాయన కూడా ఉన్నాడు. ఆయన పేరు జోసెఫ్ బ్రీన్.

1934 నుంచి హాలీవుడ్ సినిమాలకు నిర్మాణ నియమావళి కచ్చితంగా అమలయ్యేది. దాన్ని నడిపించే కార్యాలయానికి అధిపతి బ్రీన్. ముద్దు ఎంతసేపు ఉండాలో, మంచం ఎలా కనిపించాలో, పిస్తోలు ఎవరి చేతిలో ఉండాలో ఆ కార్యాలయం నిర్ణయించేది. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రాలు రెండు. నేరం చేసినవాడికి శిక్ష తప్పకూడదు. ప్రేక్షకుల సానుభూతి ఎప్పుడూ నేరం పక్షాన చేరకూడదు. జేమ్స్ ఎం. కెయిన్ రాసిన 'డబుల్ ఇండెమ్నిటీ' కథ 1935లోనే స్టూడియోల చేతికి వచ్చినా, ఇది తెరకెక్కడానికి పనికిరాదని బ్రీన్ రాసిన ఉత్తరంతో అందరూ దాన్ని వదిలేశారు. ఎనిమిదేళ్ల తర్వాత వైల్డర్, నవలాకారుడు రేమండ్ చాండ్లర్ కలిసి రాసిన స్క్రిప్టును అదే కార్యాలయం చిన్నచిన్న అభ్యంతరాలతో ఒప్పుకుంది.

శిక్ష తప్పదన్న నియమం వల్ల ఒక చిక్కు వచ్చింది. నేరస్థుడు పట్టుబడతాడని టికెట్ కొన్న ప్రతివాడికీ ముందే తెలుసు. అలాంటప్పుడు దొరుకుతాడా, తప్పించుకుంటాడా అన్న ఉత్కంఠ ఎంతసేపు నిలుస్తుంది? మామూలు దర్శకుడైతే తెలిసిన సంగతినే దాచినట్టు నటిస్తాడు. న్వార్‌ను తీర్చిదిద్దినవాళ్లలో తెలివైనవారు దాన్ని మొదటి రీల్లోనే చెప్పేశారు. 'సన్‌సెట్ బౌలెవార్డ్'లో ఈతకొలనులో తేలుతున్న శవమే కథ చెబుతుంది. 'డి.ఓ.ఎ.'లో ఒకడు పోలీస్ స్టేషనుకు వచ్చి హత్య జరిగిందని ఫిర్యాదు చేస్తాడు. ఎవరిదని అడిగితే, నాదేనంటాడు. 'ద కిల్లర్స్'లో తనను చంపడానికి మనుషులు వస్తున్నారని తెలిసి కూడా స్వీడ్ అనే మాజీ బాక్సర్ మంచం దిగడు. వాళ్లు వచ్చి కాల్చి పోతారు. తక్కువ నిడివిలో అదంతా అయిపోయాక, వాడు ఎందుకు పారిపోలేదన్న ప్రశ్న పట్టుకుని ఒక బీమా పరిశోధకుడు గంటకు పైగా తిరుగుతాడు.

'తర్వాత ఏమవుతుంది' అన్న కుతూహలాన్ని మొదట్లోనే తీర్చేస్తే ప్రేక్షకుడి మనసు ఊరికే ఉండదు. అది ఇంకో ప్రశ్న వెతుక్కుంటుంది. ఏ మెట్టు దగ్గర ఇతను వెనక్కి తిరిగి ఉండవచ్చు? ఈ ఫోన్ ఎత్తకపోతే? ఆ ఇంటికి రెండోసారి వెళ్లకపోతే? ఇలా వెతుక్కుంటూ పోయేవాడు నేరస్థుడి పక్కన కూర్చోకుండా ఉండలేడు, వాడి లెక్కలు తనూ వేయకుండా ఉండలేడు. నేరం మీద సానుభూతి పుట్టకూడదని రాసిన నియమమే ప్రేక్షకుణ్ణి నేరస్థుడి పక్క సీట్లోకి తోసింది. బ్రీన్ దీన్ని ఊహించి ఉండడు.

'డబుల్ ఇండెమ్నిటీ'లో ఇది ఎంత నిక్కచ్చిగా జరుగుతుందో ఒక్క దృశ్యం చాలు. నెఫ్ చెప్పిన ఆ ఆడమనిషి పేరు ఫిలిస్ డీట్రిక్‌సన్. పథకం ఇదీ: ఆమె భర్త మోటారు బీమా పత్రమనుకుని ప్రమాద బీమా పాలసీ మీద సంతకం చేస్తాడు. రైలు ప్రమాదంలో పోతే కంపెనీ 50,000 డాలర్లకు రెట్టింపు ఇవ్వాలి. సినిమా పేరు ఆ షరతుదే. కాబట్టి అతన్ని కారులో చంపి, అతని వేషంలో నెఫ్ రైలెక్కి, మధ్యలో దూకేసి, శవాన్ని పట్టాల మీద పడేస్తారు. హత్య జరిగే క్షణంలో కెమెరా చచ్చేవాడి వైపు చూడదు, కారు నడుపుతున్న ఫిలిస్ ముఖం మీద నిలబడిపోతుంది. ఆ ముఖంలో కదలిక లేదు. పని పూర్తయ్యాక ఇద్దరూ కారెక్కుతారు. ఫిలిస్ తాళం తిప్పుతుంది. ఇంజను మూలుగుతుంది గానీ అంటుకోదు. మళ్లీ తిప్పుతుంది. మళ్లీ అంతే. ఎదురుగా పట్టాల మీద శవం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు.

ఈ క్షణంలో హాల్లో ఉన్నవాళ్లు ఏం కోరుకుంటారు? కారు కదలాలని. ఇద్దరు హంతకులు క్షేమంగా ఇంటికి చేరాలని. ధర్మపన్నాలు వల్లించే పెద్దమనిషి కూడా ఆ కొన్ని సెకన్లు కుర్చీ అంచుకు జరుగుతాడు. నెఫ్ చెయ్యి చాచి తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది, ప్రేక్షకుడు గాలి పీల్చుకుంటాడు. గాలి పీల్చుకున్నాక తాను దేనికి సంతోషించాడో గుర్తొస్తుంది. న్వార్ ఇచ్చే అనుభవం ఇదే. నీడలూ చారలూ ఈ క్షణానికి ప్రేక్షకుణ్ణి సిద్ధం చేయడానికి ఉన్నవి.

ఇంకో సంగతి. నెఫ్ గూండా కాదు. 1930ల తొలినాళ్ల గ్యాంగ్‌స్టర్ చిత్రాల్లో నేరం చేసేవాళ్లు వేరే జాతి మనుషుల్లా ఉండేవారు, మెషీన్ గన్నులతో, ముఠాలతో. న్వార్ వచ్చేసరికి నేరం నెలజీతగాళ్ల ఇళ్లలోకి నడిచొచ్చింది. బీమా ఏజెంటు, క్యాషియరు, క్లబ్బులో పియానో వాయించేవాడు, పెట్రోలు బంకు నడుపుకొనేవాడు. నెఫ్ పాత్రకు వైల్డర్ ఏరికోరి తెచ్చుకున్న ఫ్రెడ్ మెక్‌ముర్రే అప్పటిదాకా తేలికపాటి హాస్య చిత్రాలకు పేరుపడ్డ మంచిబాలుడు. బీమా ఏజెంటు అన్నవాడు తెలుగు ఇళ్లకూ తెలిసిన చుట్టమే. బ్యాగు పట్టుకుని, పిల్లల చదువులు అడుగుతూ, కాఫీ తాగుతూ, మన చావు గురించి నవ్వుతూ మాట్లాడగల ఏకైక అతిథి. ఆ నవ్వు వెనక ఏముందో అని ఎవరికీ అనుమానం రాదు. నెఫ్ బలం కూడా అదే.

కథ వెనక నిజంగా జరిగిన నేరం ఒకటుంది. 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే గృహిణి, ఆమె ప్రియుడు జడ్ గ్రే కలిసి ఆమె భర్తను చంపారు. అక్కడా రెట్టింపు చెల్లించే షరతున్న బీమా పాలసీ ఉంది. మరుసటి ఏడాది జనవరిలో ఇద్దరికీ విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలైంది. ఒక పత్రికా ఫోటోగ్రాఫరు కాలికి కట్టుకుని దాచి తీసుకెళ్లిన కెమెరాతో ఆ క్షణాన్ని తీసిన బొమ్మ మొదటి పేజీలో అచ్చయింది. అప్పట్లో న్యూయార్క్‌లో పాత్రికేయుడిగా ఉన్న కెయిన్ మనసులో ఆ కేసు ఉండిపోయింది. నిజం కేసులో హంతకులు చేసిన పని ఎంత మొరటుగా ఉందంటే పోలీసులకు గంటల్లోనే తెలిసిపోయింది. కెయిన్, ఆ తర్వాత వైల్డర్, దానికి నైపుణ్యం చేర్చారు. బీమా లోపలి మర్మాలు తెలిసినవాణ్ణి హంతకుణ్ణి చేశారు.

ఆ నైపుణ్యమే నెఫ్ అసలు దాహమని సినిమా మెల్లగా బయటపెడుతుంది. ఫిలిస్ వల్లే చెడిపోయానని అతను చెప్పుకోవాలని చూస్తాడు, ఆమె కాలి గొలుసును పదేపదే గుర్తు చేసుకుంటాడు. కానీ చెబుతూ చెబుతూ ఒక మాట జారుతుంది. జూదశాలలో చక్రం తిప్పేవాడు ఆటగాళ్లు మోసం చేయకుండా రాత్రీ పగలూ కాపలా కాస్తాడని, ఏదో ఒక రాత్రి తనే ఆ చక్రాన్ని మోసం చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వస్తుందని. అంటే ఆమె తలుపు తీయకముందే ఆలోచన ఉంది, ఆమె అవకాశం తెచ్చింది. 'నన్ను ముంచింది' అన్న ఫిర్యాదు కింద 'నేనెంత తెలివిగా చేశానో చూడు' అన్న గొప్ప దాగి ఉంది. అందుకే ఆ వాంగ్మూలం పోలీసులకు ఇవ్వలేదు. అలాంటి తెలివిని గుర్తించగల ఒకే ఒక్క మనిషికి, కీస్‌కు, వినిపించాడు.

కీస్ పాత్రలో ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ సినిమాను సగం దోచుకుపోతాడు. దొంగ క్లెయిము వస్తే తన ఛాతీలో ఒక చిన్న మనిషి కూర్చుని మెలిపెడతాడంటాడు. కంపెనీ యజమాని ఇది ఆత్మహత్యేనని వాదిస్తే, ఆత్మహత్యల గణాంకాలను రకాలవారీగా, ఉపరకాలవారీగా ఏకరువు పెట్టి, గంటకు పదిహేను మైళ్ల వేగంతో వెళ్లే రైలు వెనక నుంచి దూకి చచ్చినవాడు ఆ పట్టికల్లో ఒక్కడూ లేడని తేలుస్తాడు. సంఖ్యల మీద ఇంత నాటకీయమైన ప్రసంగం సినిమాల్లో అరుదు. హంతకులిద్దరూ ఒకే ట్రామ్ ఎక్కారని, ఒకరు దిగకుండా రెండోవాళ్లు దిగలేరని, ఆఖరి స్టాపు శ్మశానమని చెప్పేదీ అతనే. ఆ మాట వింటున్న నెఫ్ ముఖం చూడాలి. (నెఫ్ అపార్ట్‌మెంటు తలుపు బయటికి తెరుచుకోవడం, కీస్ కంటపడకుండా దాని వెనక ఫిలిస్ దాక్కోవడం కట్టడాల తీరు తెలిసినవాళ్లకు విడ్డూరంగా తోస్తుంది. ఇళ్ల తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. అయినా ఆ దృశ్యం నడుస్తున్నప్పుడు ఆ సంగతి తట్టినవాళ్లు తక్కువ.)

న్వార్ కథానాయకులు దాదాపు అందరూ ఎక్కడో ఒకచోట తలరాత మాట ఎత్తుతారు. ఎడ్గర్ అల్మర్ 1945లో అతి తక్కువ ఖర్చుతో తీసిన 'డిటూర్' మొత్తం ఆ మాట మీదే నడుస్తుంది. ప్రియురాలిని కలుసుకోవడానికి దారిన పోయే కార్లు ఎక్కుతూ న్యూయార్క్ నుంచి లాస్ ఏంజలెస్ బయలుదేరిన పియానో వాయిద్యకారుడు ఆల్ రాబర్ట్స్ చేతిలో ఇద్దరు చనిపోతారు. రెండూ ప్రమాదాలేనంటాడు. లిఫ్టు ఇచ్చినవాడు కారులోంచి పడి తల పగిలి పోయాడట. పోలీసులు నమ్మరని వాడి కారు, బట్టలు, డబ్బు, పేరు తీసుకున్నాడట. తర్వాత తనను బెదిరించిన వేరా, తలుపుకు అవతల మెడకు ఫోన్ తీగ చుట్టుకుని పడుకుని ఉండగా, ఇవతలి నుంచి తాను ఆ తీగ లాగాడట, తెలియక. విధి ఏ కారణం లేకుండా ఎవరి మీదైనా వేలు పెట్టగలదని చివర్లో అంటాడు. సినిమా దీన్ని కాదనదు. అలాగని అవుననే సాక్ష్యం కూడా ఎక్కడా ఇవ్వదు. చెప్పేది అతనొక్కడే. 'బుద్ధి కర్మానుసారిణి' అని నిట్టూర్చి ఊరుకోవడం మనకు బాగా అలవాటు. బుద్ధి ఏ క్షణంలో కర్మ మాట విన్నదో తెర మీద ఆపి చూపిస్తే అంత సులువుగా నిట్టూర్చలేం. చనిపోయినవాడి జేబులో డబ్బు తీసుకునే చేతులను చూశాక విధి అన్న మాట కొంచెం పలచనవుతుంది.

ఈ చిత్రంలో ఒక వింత ఉంది. రాబర్ట్స్ రోడ్డు పక్కన నిలబడి కార్లు ఆపే చోట, ప్రయాణ దిశ తెర మీద సరిపోవాలని ఫిల్మును తిరగేసి ముద్రించారు. దాంతో అమెరికా రోడ్డు మీద కార్లు ఎడమపక్కన పోతుంటాయి, చోదకులు కుడిపక్క సీట్లో కూర్చుంటారు. అమెరికావాళ్లు దీన్ని చూపి నవ్వుకుంటారు. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని చూసేవారికి అందులో తప్పే కనిపించదు.

నియమావళిని ఇంకో దారిలో దాటిన చిత్రం లాంగ్ తీసిన 'స్కార్లెట్ స్ట్రీట్'. ఇందులోనూ రాబిన్సనే, ఈసారి భార్య చేత చీవాట్లు తినే ముసలి క్యాషియరు క్రిస్. అతను చేసిన హత్యకు మరొకడు ఉరికంబం కాకపోయినా విద్యుత్ కుర్చీ ఎక్కుతాడు. క్రిస్‌ను ఎవరూ పట్టుకోరు. తన గదిలో రాత్రంతా అతనికి చనిపోయినవాళ్ల గొంతులు వినిపిస్తాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంటాయి. వెళ్లి ఒప్పుకుంటానన్నా నమ్మేవాళ్లుండరు. శిక్ష పడింది కనుక నియమం నెగ్గినట్టే అని హాలీవుడ్ కార్యాలయం సమాధానపడినా, న్యూయార్క్ రాష్ట్ర సెన్సారు వారు మొదట ఈ సినిమాను నిషేధించారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కోర్టు వేసే శిక్షకు ఒక రోజు ముగింపు ఉంటుంది, ప్రేక్షకుడు లేచి ఇంటికి పోవచ్చు. క్రిస్ శిక్షకు అంతం లేదు.

ఈ కథల్లో ఆడవాళ్ల పరిస్థితి గురించి చాలా చర్చ జరిగింది, 1970ల చివరి నుంచి ముఖ్యంగా. మగవాణ్ణి మాయచేసి ముంచే 'విషకన్య' పాత్రలు యుద్ధకాలంలో ఉద్యోగాల్లోకి వచ్చిన ఆడవాళ్ల పట్ల మగవాళ్లకు కలిగిన జంకుకు ప్రతిరూపమన్న వాదన ఉంది. కొంతవరకు నిజమే కావచ్చు. కానీ ఈ సినిమాల తెరవెనక చూస్తే చిత్రం కొంచెం మారుతుంది. 'లారా' నవల రాసింది వేరా కాస్పరీ. 'గిల్డా' నిర్మించింది వర్జీనియా వాన్ అప్. 'ద బిగ్ స్లీప్' స్క్రిప్టులో లీ బ్రాకెట్ చెయ్యి ఉంది. 1953లో ఐడా లుపినో దర్శకత్వం వహించిన 'ద హిచ్-హైకర్'లో విషకన్య అన్నదే లేదు, ముగ్గురు మగవాళ్లు, ఒక కారు, ఒక తుపాకీ మాత్రమే. ఇంకా ముఖ్యం: చెప్పేవాడు మగవాడు కావడంతో ఆమె కథ మనకు ఎప్పుడూ అందదు. ఫిలిస్‌కు ఒక్క నిమిషం కూడా సొంత వాంగ్మూలం లేదు. ఆమె గురించి తెలిసిందంతా ఆమెను కాల్చినవాడి నోటి నుంచే. ఈ లోటు ఇప్పటి ప్రేక్షకులకు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఫిలిస్‌గా నటించిన బార్బరా స్టాన్‌విక్ కళ్లు మాత్రం ఆ వాంగ్మూలాన్ని కాదంటూ ఏదో చెబుతూనే ఉంటాయి. ఆ పాత్ర నిలిచింది అందుకే.

న్వార్ నీడలు సముద్రాలు దాటి బొంబాయికి కూడా వచ్చాయి. 1951లో గురుదత్ తీసిన 'బాజీ', ఆయన నిర్మాణంలో రాజ్ ఖోస్లా దర్శకత్వం వహించిన 1956 నాటి 'సి.ఐ.డి.' వాటిలో పేరున్నవి. ఇక్కడ తెలుగువారికి ఒక పాత పరిచయం తగులుతుంది. ముందు ఏడాది 'రోజులు మారాయి'లో 'ఏరువాకా సాగారో' పాటకు ఆడి ఆంధ్రదేశాన్ని ఊపేసిన వహీదా రెహమాన్ హిందీ తెరకు వచ్చింది ఈ 'సి.ఐ.డి.'తోనే, అదీ ముఠా పక్షాన ఉండి మనసు మార్చుకునే కామిని పాత్రలో. పొలం గట్ల పాట నుంచి నేర ప్రపంచపు నీడల్లోకి ఒక్క అంగలో! అయితే ఈ హిందీ చిత్రాలు దీపాలను తీసుకున్నాయి గానీ వాంగ్మూలాన్ని తీసుకోలేదు. 'బాజీ'లో జూదరి, 'సి.ఐ.డి.'లో ఇన్‌స్పెక్టరు, ఇద్దరి మీదా పడింది చేయని హత్యల నింద. ఆ నింద తొలగిపోతే కథ సుఖాంతం. ప్రేక్షకుడు ఎక్కడా హంతకుడి పక్కన కూర్చుని కారు కదలాలని కోరుకోవలసిన పని లేదు. ఆ పాటలు ఈనాటికీ వినబడుతుంటాయి, ఆ కథలు అంతగా వెంటాడవు.

1968లో హాలీవుడ్ నియమావళి పోయి, వయసును బట్టి రేటింగు పద్ధతి వచ్చింది. ఆ తర్వాత తీసిన నేర చిత్రాలకు స్వేచ్ఛ దొరికింది. 1981లో లారెన్స్ కాస్డన్ 'బాడీ హీట్' తీసినప్పుడు 'డబుల్ ఇండెమ్నిటీ' కథ అస్థిపంజరాన్నే వాడుకున్నాడు. పాత సినిమాలో దాచవలసి వచ్చినవన్నీ ఇందులో దాపరికం లేకుండా ఉన్నాయి. మగవాడు జైల్లో ఉంటే, ఆడది ఎక్కడో సముద్రతీరంలో హాయిగా పడుకుని ఉంటుంది. తెలివైన సినిమానే. కానీ ఎవరు ఎవరిని బోల్తా కొట్టించారన్న కుతూహలం ఇందులో మళ్లీ ముందుకొచ్చేసింది. చిరిగిన చివరి పేజీ తిరిగి తన స్థానంలోకి చేరింది. 1974 నాటి 'చైనాటౌన్' ఆ తప్పు చేయలేదు, పాతకాలపు నియమావళి కూడా ఒప్పుకోనంత చీకటిగా ముగిసి కూడా.

ఇక 'డబుల్ ఇండెమ్నిటీ'కి వైల్డర్ మొదట తీసిన ముగింపు వేరు. గ్యాస్ చాంబరు సెట్టు పెద్ద ఖర్చుతో కట్టించి, నెఫ్‌కు మరణశిక్ష అమలవడం, అవతల నిలబడి కీస్ చూడటం, అన్నీ చిత్రీకరించాడు. శిక్ష కళ్లెదుట జరిగింది కనుక నియమావళికి ఇంతకన్నా నచ్చే దృశ్యం ఉండకూడదు. తీరా చూస్తే అంత భయానకం తగదని బ్రీన్ కార్యాలయమే నసిగింది. వైల్డర్ దాన్ని పూర్తిగా తీసేశాడు. సెన్సారు కోసం తీసేసి ఉండవచ్చు, అయినా అసలు కారణం ఆ ముందు దృశ్యంలోనే కనబడుతుంది.

తెల్లవారుతోంది. నెఫ్ ఇంకా యంత్రంలోకి మాట్లాడుతూనే ఉన్నాడు. తలుపు దగ్గర కీస్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపయింది వచ్చి అని నెఫ్ అడుగుతాడు. చాలాసేపే అంటాడు కీస్. సరిహద్దు దాటి పారిపోతానని లేచిన నెఫ్ ఆఫీసు తలుపు కూడా దాటలేక గడప దగ్గర కూలిపోతాడు. నువ్వు వెతికే మనిషి నీ బల్లకు అవతలే కూర్చున్నాడు, అంత దగ్గరగా ఉన్నాడు కనుకే కనిపెట్టలేకపోయావంటాడు. అంతకన్నా దగ్గరే వాల్టర్, అంటాడు కీస్. సినిమా పొడవునా కీస్ చుట్టకు అగ్గిపుల్ల దొరకకపోతే నెఫ్ బొటనవేలి గోటితో గీసి వెలిగిస్తూ వచ్చాడు. ఇప్పుడు నెఫ్ నోట్లో సిగరెట్టు ఉంది, చేతిలో సత్తువ లేదు. కీస్ వంగి అగ్గిపుల్ల తీసుకుని గీస్తాడు.